వాడిన రేకు

పూలమ్మే ఇంటికి కోడలిగా వచ్చి, గడప దాటీ దాటకముందే వరసబెట్టి తుమ్మిన మనిషికి వీధివాళ్ళు తుమ్ములమ్మ అని పేరు పెట్టడంలో ప్రతిభ ఏమీ లేదు. వీధులు పెట్టే పేర్లలో ప్రతిభ అరుదు. గురి మాత్రం తప్పదు. ఆమె అసలు పేరు పెళ్ళినాడు ఒకసారి వినబడింది. ఆ తర్వాత అది ఎవరికీ అవసరపడలేదు.

తుమ్ములకు కారణం పుప్పొడి అని వైద్యుడు తేల్చి, పూలకు దూరంగా ఉండమని సలహా ఇచ్చాడు. ఆ సలహాను ఇంటికి మోసుకొచ్చిన రోజున భర్తగారి అక్క నడుం మీద చెయ్యి వేసుకుని నిలబడింది.

"చేపకు నీళ్ళు పడవన్నట్టుంది. పూలు పడనిదానివి మా ఇంటికెందుకొచ్చావే?"

"పూల దుకాణమని మీ తమ్ముడు చెప్పలేదు వదినా. ఏదో వ్యాపారమన్నాడు."

"అబద్ధం చెప్పలేదుగా మరి!"

ఆ ఇంటి కింది భాగం దుకాణం, పై భాగం కాపురం. దుకాణం సన్నగా, పొడుగ్గా, రైలుపెట్టెలా ఉండేది. వీధివైపు కొసన తడిబల్ల. దాని మీద పళ్ళేలలోనూ బకెట్లలోనూ పూలు. పక్కనే వాటి మీద నీళ్ళు చల్లే ఒక ప్లాస్టిక్ మగ్గు. ఆ మగ్గుకూ, ఆ బల్లకూ, దాని వెనకాల ఉన్న ఎత్తుపీటకూ సర్వాధికారిణి వదిన. తండ్రి పోయాక దుకాణాన్ని తానే నడిపింది. పెళ్ళి మాట ఎత్తిన ప్రతివాళ్ళకూ ఒక పూలగుత్తి అమ్మి పంపేసిన మనిషి. తమ్ముడు తెల్లవారగట్ల టోకు బజారుకు వెళ్ళి వ్యానులో సరుకు తెచ్చేవాడు. ఇద్దరు ఆడవాళ్ళ మధ్య ఏ మాట వచ్చినా "అక్క చెప్పిందీ నిజమే, నువ్వన్నదీ నిజమే" అని తీర్పు చెప్పి వ్యానెక్కేవాడు. సత్యానికి అనేక ముఖాలుంటాయన్న సిద్ధాంతం ఎలా పుట్టిందో పండితులు పెద్దపెద్ద కారణాలు చెబుతారు గాని, ఇంట్లో ఒక అక్కా ఒక భార్యా ఉంటే చాలు.

ఫెల్ట్ ఆ ఇంట్లోకి వచ్చింది ఈ శాంతమూర్తి పొరపాటు వల్లనే. కొత్త కాపురంలో భార్య తుమ్ములు చూడలేక, ఊలు దుప్పటికి పుప్పొడి అంటుకుందన్న అనుమానంతో, దాన్ని మరిగే నీళ్ళలో పడేసి కర్రతో కుమ్మాడు. పైకి తీసేసరికి దుప్పటి తువ్వాలంత అయింది. వేడినీళ్ళు తగిలి, రాపిడి పడితే ఊలు తనలో తాను పెనవేసుకుని ముడుచుకుపోతుంది. నేత మాయమై, ఎటు కోసినా పోగు ఊడని మందపాటి గుడ్డ మిగులుతుంది. దాన్ని ఫెల్ట్ అంటారని అప్పటికి ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియదు. పోయిన దుప్పటి గురించి అక్కా తమ్ముళ్ళు వాదించుకుంటూ ఉండగా తుమ్ములమ్మ కత్తెర తెచ్చి, ఒక అంచు నుంచి ఐదు రేకులు కోసి, మధ్యలో ఒక గుండీ పెట్టి కుట్టింది. ఆ ఇంట్లో ఆమె ముక్కు దగ్గరగా పెట్టుకోగలిగిన మొదటి పువ్వు అది. మొదటిది గనుక గొప్పగా ఉందని చెప్పలేం. పైగా ఆ గుండీ భర్త చొక్కాది.

తర్వాత ఏళ్ళు గడిచాయి. దుకాణం వెనక సగానికి గాజు తలుపు బిగించి, తుమ్ములమ్మకు ఒక పొడి రాజ్యం ఏర్పాటు చేశారు. అందులో ఆమె ఫెల్ట్ పూలే కాక పుట్టినరోజులకు రంగుల జెండాల దండలు, కానుకల పెట్టెలకు కట్టే గుడ్డముడులు, తెరలకు కుచ్చులు, కిటికీల్లో వేలాడదీసే బట్ట నక్షత్రాలు కుట్టి అమ్మేది. కొనేవాళ్ళు ఉన్నారు. మెచ్చుకునేవాళ్ళు కూడా ఉన్నారు. అయితే మెప్పు విషయంలో మనుషులు విచిత్రంగా ఉంటారు. ఊరంతా ఇచ్చింది ఒళ్ళో వేసుకుని, ఒక్కరు ఇవ్వనిదాని కోసం గుమ్మం వైపు చూస్తారు. తుమ్ములమ్మ చూసే గుమ్మం గాజు తలుపుకు అవతల ఉంది.

వదిన ఆమె చేతి పనిని ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా పువ్వు అనలేదు. ఎవరైనా వచ్చి అడిగితే బొటనవేలితో వెనక్కి చూపించి, "పూలు ఇక్కడ, గుడ్డలు లోపల" అనేది. ఆ నోటి నుంచి పువ్వు అన్న ఒక్క మాట రాబట్టాలన్నదే తుమ్ములమ్మ పట్టుదల. ఇంతకన్నా పెద్ద కోరికలతో జీవించిన వాళ్ళున్నారు; ఇంత స్పష్టమైన కోరికతో జీవించిన వాళ్ళు తక్కువ.

"వదినా, ఇదిగో చూడు, గులాబీ."

"చూశా."

"ఎలా ఉంది?"

"గుడ్డలా ఉంది."

"పువ్వులా లేదూ?"

"పువ్వంటే పొద్దున విచ్చుకోవాలి, సాయంత్రానికి తలవాల్చాలి. నీదానికి చావుందా? చావులేనిదాన్ని పువ్వంటారటే? గిన్నె అంటారు, గరిటె అంటారు."

"గరిటె ఇంత అందంగా ఉంటుందా?"

"మా అమ్మ గరిటె ఉండేది."

అప్పుడే సరుకు దింపుతున్న తమ్ముడు, "ఇద్దరూ చెప్పింది నిజమే" అన్నాడు.

"మరి అబద్ధం ఏది?" అని ఇద్దరూ ఒక్కసారే అడిగారు.

"నేనిక్కడ నిలబడ్డం" అని అతను వ్యానెక్కాడు.

నశించనిదే సత్యమని పెద్దలు నిర్ణయించారు. ఆ పెద్దల్లో పూలమ్ముకుని బతికినవాళ్ళు ఎవరూ ఉన్నట్టు లేదు. తడిబల్ల దగ్గర న్యాయం వేరు. అక్కడ రేపటికి మిగిలేదే అనుమానాస్పదం. తుమ్ములమ్మ ఆ పూట ఉడుక్కున్నమాట నిజమే గాని, ఉడుకు తగ్గాక ఆ మాట ఆమెలో ముల్లులా ఉండిపోయింది. ముల్లు ఉన్నచోటికి వేలు పదేపదే పోతుంది.

ఆ రోజుల్లోనే సంగీతం పంతులమ్మ వచ్చింది. వీధి చివర మేడమీద పాఠాలు చెప్పే మనిషి. ప్రతి ఏడూ తన శిష్యులచేత ఒక పెద్ద హాలులో కచేరీ చేయిస్తుంది. వేదిక మీది పూలదండ ఎప్పుడూ వదిన చేతిదే. ఆవిడ ఈసారి తడిబల్ల దగ్గర కొంచెం తటపటాయించి నిలబడింది.

"ఏమీ అనుకోకండి. పోయినేడు నా శిష్యుల్లో ఒక పిల్ల పాటను పైపైకి తీసుకెళ్ళి, సరిగ్గా ఆ కొనమీద తుమ్మింది. మీ పూలు ఘాటు కదా... ఈసారి మీ మరదలిచేత చేయిద్దామని."

"పాడలేక పూలమీద తోస్తే ఎలాగండీ? ఆడలేక మద్దెల ఓడన్నట్టు!"

"అది కాదు, జనం నవ్వారు."

"తుమ్మితే నవ్వకేం చేస్తారు? సరే. గుడ్డలు లోపల" అని వదిన బొటనవేలు చూపింది.

ఆ సాయంత్రం ఆమె మరదలిని ఒక్క మాట కూడా దెప్పలేదు. ఇంట్లో అందరికీ భయమేసింది.

తుమ్ములమ్మ పనిలో దిగింది. తెల్లటి పూలు, వాటి మధ్య అక్కడక్కడా ఎర్రటివి, నిలువెత్తు మనిషికి రెండింతలుండే దండ. బజారులో దొరికే ఎర్ర ఫెల్ట్ ఇటుకపొడి రంగులో ఉందని ఆమెకు నచ్చక, తెల్లదాన్నే కొని వంటింట్లో రంగు వేసుకుంది. రంగు వేశాక నీళ్ళు తేటగా వచ్చేదాకా జాడించాలి. తేటపడుతున్నట్టే ఉందని ఆమె తొందరగా ఆపేసింది. పొడి రాజ్యంలో బతికే బట్టకు నీళ్ళతో పనేమిటన్న ధీమా.

ఈ పని మధ్యలో ఆమె ఎవరికీ చెప్పకుండా ఇంకొక పని చేసింది. సాయంత్రాలు వదిన దుకాణం సర్దే వేళకు ముక్కుకు రుమాలు కట్టుకుని, గాజు తలుపుకు నుదురు ఆనించి, అమ్ముడుపోని పూలను చూసేది. అన్నేళ్ళుగా పూలు చేస్తున్నా, పువ్వు అలసిపోవడం ఆమె ఎన్నడూ చూడలేదు. మొదట వెలుపలి రేకు సడలుతుంది. తర్వాత మెడ ఒక పక్కకు, ఎవరో పిలిస్తే తిరిగినట్టు, వంగుతుంది. అంచు లోపలికి ముడుచుకుంటుంది. ఇవన్నీ చూసుకుని, దండ ఒక మూలన ఒక్క తెల్లపువ్వుకు వెలుపలి రేకును కాస్త పెద్దదిగా కోసి, కుట్టు వదులుగా వేసి, ఇస్త్రీపెట్టె ఆవిరి చూపి బొటనవేలితో కిందికి నొక్కింది. బాగా కుదిరిందా అంటే, కుదిరిందనే చెప్పాలి. వదినకు చూపించలేదు. చూపిస్తే "ఇది పాడైపోయిందే" అంటుందని భయం; అంతకన్నా "గుడ్డ" అంటుందని భయం.

కచేరీ రోజు వచ్చింది. మధ్యాహ్నం పంతులమ్మ వచ్చి దండ తీసుకెళ్ళాలి. లోపలి బల్ల మీద అంత పొడుగు దండ పట్టక మడత పడుతోంది. అదృష్టమో దురదృష్టమో, ఆ పూట వ్యాను మొరాయించి తాజా సరుకు ఆలస్యమైంది. తడిబల్ల ఖాళీగా, ఆరిపోయి ఉంది. తుమ్ములమ్మ దాని మీద పాత పేపర్లు పరిచి, దండను సాంతం పొడుగునా పరిచింది.

"వదినా, కొసలకు తీగ తక్కువైంది, తెచ్చుకొస్తా. ఇటు ఒక కన్నేసి ఉంచు."

"నీ గుడ్డల్ని ఎవడెత్తుకుపోతాడే? పో, పో."

తీగ దొరికేసరికి ఆలస్యమైంది. తిరిగి వచ్చేటప్పటికి వ్యాను వాకిట్లో ఉంది. కొత్త సరుకు దిగింది. దండకు అటూ ఇటూ పళ్ళేలు చేరాయి. ఎదురుగా ఉన్న టీకొట్టాయన గ్లాసు పట్టుకుని వీధి మధ్యలో నిలబడి ఉన్నాడు. తడిబల్ల అంచు నుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా రాలుతున్నాయి. ఆ బొట్లు ఎర్రగా ఉన్నాయి.

ఎర్రపూల రంగు దిగి పక్కనున్న తెల్లరేకుల్లోకి పాకింది. దండ నడిభాగమంతా, తాంబూలం నమిలి నవ్విన నోరులా ఉంది. బల్ల వెనక వదిన తేలు కుట్టిన దొంగలా నిలబడి ఉంది. చేతిలో మగ్గు.

"ఏంటక్కా ఇది! దండ మరదలి చేతికి పోయిన కోపం ఇలా తీర్చుకున్నావా?" అన్నాడు టీకొట్టాయన. ఆయన వేళాకోళంగానే అన్నాడు. కాని సరిగ్గా ఆ మాట మీదే సంగీతం పంతులమ్మ వాకిట్లో అడుగుపెట్టింది. దండను చూసింది. మగ్గును చూసింది.

"అయ్యో! ఎవరు చేశారండీ? కావాలనే...?"

వదిన తలవంచుకుంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటే అదే. కావాలని చేశానంటే, మరదలి నోటి దగ్గరి కూడు తన్నిన ఆడపడుచుగా వీధిలో మిగిలిపోతుంది. కావాలని కాదంటే, మరి గుడ్డల మీద నీళ్ళెందుకు చల్లావన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్నకు లోకంలో ఒకే జవాబుంది. ఆ జవాబును ఇన్నేళ్ళుగా ఆమె పళ్ళ వెనక దాచుకుని ఉంది.

తుమ్ములమ్మకు మొదట కడుపు మండింది. కొట్టేద్దామన్నంత మండింది. తర్వాత ఆమె కళ్ళు దండ పొడుగునా వెళ్ళి ఆ మూలన ఆగాయి. మిగిలిన పూల మీద నీళ్ళు చినుకుల్లా పడి ఉన్నాయి. వాడిన రేకున్న పువ్వు ఒక్కటే నిలువునా తడిసి, చుట్టూ చిన్న మడుగు కట్టి ఉంది. ఎవరో దాన్ని ప్రత్యేకంగా చూశారు. జాలిపడ్డారు. వదిన కోపం ఎలా ఉంటుందో ఆమెకు తెలుసు; అది అరుస్తుంది, గిన్నెలు విసురుతుంది, చాటుగా నీళ్ళు చల్లదు.

తాడును చూసి పామనుకున్నవాడి గురించి వేదాంతులు చాలా చెప్పారు. వాడు భయపడ్డాడు గనుక అది అజ్ఞానమన్నారు. గుడ్డను చూసి పువ్వనుకుని నీళ్ళు పోసిన మనిషి గురించి ఎవరూ ఏమీ చెప్పలేదు. అది కూడా అజ్ఞానమే కావచ్చు. కాని తుమ్ములమ్మకు ఆ క్షణాన ఏ జ్ఞానమూ దానికి సాటిరాదనిపించింది.

కావలసింది దొరికేసింది, ఇంకా మాట కూడా రావాలా? తలవంచి నిలబడ్డ వదినను చూడడం ఆమెకు ఎప్పుడూ అలవాటు లేదు, చూడలేకపోయింది.

"నేనేనండీ తడిపింది" అంది పంతులమ్మతో. "రంగు నిలుస్తుందో లేదో చూద్దామని... కాసిని నీళ్ళు..."

"నోర్ముయ్యవే!" వదిన మగ్గు బల్ల మీద కొట్టింది. "అబద్ధమాడ్డం కూడా రాదు నీకు. ఇప్పుడేగా వీధిలోంచి వచ్చావు, చేతిలో తీగచుట్టతో సహా! నన్ను కాపాడ్డానికి నువ్వెవరే?"

"అది కాదు వదినా..."

"ఏది కాదు? నేనే చల్లాను. సరుకు దిగింది, పరిచాను, చల్లుకుంటూ వెళ్ళాను. ఆ మూలది వాడిపోతోంది కదా పాపమని దానికి రెండు దోసిళ్ళు ఎక్కువ పోశాను. చాలా?" ఆమె టీకొట్టాయన వైపు తిరిగింది. "కోపమూ లేదు, తాపమూ లేదు. పూలనుకున్నాను. పూ-ల-ను-కు-న్నా-ను. విన్నావుగా? ఇక పో, నీ పాలు పొంగుతున్నాయి."

పాలు నిజంగానే పొంగుతున్నాయి. ఆయన పరుగెత్తాడు.

ఇన్నేళ్ళు ఎదురుచూసిన మాట చెవిన పడ్డప్పుడు ఏం చేయాలో తుమ్ములమ్మ ఎన్నోసార్లు ఊహించుకుంది. హుందాగా నవ్వాలనుకుంది, ఏమీ విననట్టు ఉండాలనుకుంది. తీరా ఆ సమయానికి రుమాలు కట్టుకోవడం మరిచిపోయి తాజా పూల మధ్య నిలబడి ఉంది గనుక, తుమ్మింది. ఒకటి కాదు, గడప దాటిన నాటి వరస మొత్తం.

"అదిగో, దానికి సంతోషమొచ్చినా అంతే" అంది వదిన.

పంతులమ్మకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. "మరి నా వేదిక?"

"కూర్చోండి. టీ తాగండి, ఆ పొంగగా మిగిలింది" అని వదిన చీర కొంగు బిగించింది.

ఇద్దరూ దండను గాజు తలుపు లోపలికి మోశారు. రంగెక్కిన తెల్లపూలను కత్తిరించి తీసేశారు. ఎర్రపూలను తువ్వాళ్ళ మధ్య పెట్టి అదిమారు. అవి రంగులో ఒక ఛాయ తగ్గినా నిలబడ్డాయి. ఖాళీల్లోకి తుమ్ములమ్మ పాత అలమరలోంచి పచ్చటి ఫెల్ట్ ఆకులు తీసింది. వాటిని కుట్టే తీరిక లేదు, దారంతో కట్టాలి. కట్టడంలో వదినది తిరిగిన చెయ్యి. అయితే ఆ చేతికి ఒక అలవాటుంది. ప్రతి ముడికీ ముందు వేళ్ళు తడుపుకుంటుంది. మొదటి ముడి దగ్గరే ఆ చెయ్యి తనంతట తాను బకెట్టు వైపు పోయింది.

"వదినా!" తుమ్ములమ్మ ఆ చేతిని చటుక్కున కొట్టింది.

"అబ్బ! పెద్దదాన్ని కొడతావే?"

"ఇంకోసారి తడిపితే తాడేసి కడతా."

"పొడి వేళ్ళతో ముడెలా పడుతుందే? నీ గుడ్డలకు ఒక పద్ధతంటూ లేదు."

"ఇందాక పూలన్నావు."

"ఇందాక అన్నాను. ఇందాకటికీ ఇప్పటికీ మధ్య ఎంత జరగలేదు?"

మధ్యలో తమ్ముడు గాజు తలుపులోంచి తల పెట్టి, ఏమైనా సాయం కావాలా అని అడిగాడు. "నీ సాయంతోనే ఇదంతా మొదలైంది, దుప్పటి ఉడకేసినప్పటి నుంచీ" అని అక్క తలుపు వేసేసింది.

దండ కాస్త పొట్టిదయింది గాని, పంతులమ్మ తీసుకెళ్ళింది. వాడిన రేకు పువ్వు అందులో లేదు. ఆవిరితో తీర్చిన వంపు నీళ్ళలో నాని, రేకు గుడ్డపీలికలా వేలాడిపోయింది. తుమ్ములమ్మ దాన్ని ఆరబెట్టుకుని తన బల్ల మీద, సూదుల డబ్బా పక్కన పెట్టుకుంది. ఇప్పుడది ఏ పువ్వులానూ లేదు. ఆమె పారేయలేదు.

మర్నాడు పంతులమ్మ అద్దెకు తీసుకున్న దండ తిరిగి ఇవ్వడానికి వచ్చింది. ముఖం వేలాడేసుకుని ఉంది.

"ఏమైంది? దండ నచ్చలేదా?" అని తుమ్ములమ్మ కంగారుపడింది.

"దండను అందరూ ముట్టుకు ముట్టుకు చూశారు. కాని ఆ పిల్ల... మళ్ళీ అక్కడికే వెళ్ళింది, మళ్ళీ అక్కడే తుమ్మింది. దానికి భయమొస్తే తుమ్మొస్తుందట. నిన్న వాళ్ళమ్మ చెప్పింది."

తడిబల్ల వెనక నుంచి ఒక సుదీర్ఘమైన, తృప్తికరమైన నిశ్శబ్దం వినిపించింది. అది చాలాసేపు సాగాక వదిన నెమ్మదిగా పలికింది.

"పాపం, గుడ్డల ఘాటేమో."

పంతులమ్మ వెళ్ళిపోయింది. వచ్చే ఏడు దండ ఎవరిదో ఆవిడ చెప్పలేదు, వీళ్ళు అడగలేదు. కొత్తగా వచ్చినవాళ్ళెవరో వాకిట్లో నిలబడి, పెళ్ళిరోజుకు ఏదైనా కావాలన్నారు. "పూలు ఇక్కడ, గుడ్డలు లోపల" అని వదిన ఎప్పటిలాగే బొటనవేలు చూపించింది. లోపల తుమ్ములమ్మ వినీ విననట్టు సూదిలో దారం ఎక్కించుకుంది.

అయితే ఆ రోజు నుంచీ ఒక చిన్న మార్పు వచ్చింది. గిరాకీ బాగా ఉన్నప్పుడు తుమ్ములమ్మ చేసిన గుత్తులు కొన్ని గాజు తలుపు దాటి తడిబల్ల చివరకు వచ్చి కూర్చునేవి. వదిన కుడిచేత్తో నీళ్ళు చల్లుకుంటూ, ఎవరితోనో బేరమాడుతూ, బల్ల పొడుగునా సాగేది. ఆ గుత్తులు దగ్గరపడగానే ఆమె ఎడమచెయ్యి, బేరం ఆగకుండానే, వచ్చి కుడిచేతి మణికట్టును గట్టిగా పట్టుకునేది.